సరుకు గదిలో నా పేరు

పదకొండేళ్లుగా ఒక సందేహం నన్ను వదలలేదు. మనిషి నమాజులో నిలబడి ఉన్నప్పుడు బయట నీళ్లు వచ్చి ఇళ్లు మునిగితే, అతను ముందు ఎవరికి జవాబు చెప్పుకోవాలి? నమాజును సగంలో వదిలి పరుగెత్తినందుకు అల్లాకా? ఆ వేళలో పంపును వదిలి నమాజుకు వెళ్లినందుకు మనుషులకా? నేను చదివింది ఎనిమిదో తరగతి. మసీదులో పెద్దాయనను అడిగితే చెప్పేవారే. కానీ అడగాలంటే ముందు జరిగింది చెప్పుకోవాలి. అదే నావల్ల కాలేదు.

మా కరాంగ్ వేతన్ పేట సముద్రపు కట్టకు ఇవతల, సముద్రం కన్నా పల్లంలో ఉంది. పోటు వచ్చినప్పుడల్లా కాలవల్లోకి ఎగదన్నే నీళ్లను రెండు పంపులు వంతులవారీగా తోడి కట్ట అవతల పోస్తేనే మా పొయ్యిలు వెలుగుతాయి. ఆ పంపులకు కాపలా ఉండే ముగ్గురిలో నేనొకణ్ణి. వాటిని నడిపే ప్రోగ్రాం పాతది. మూడు వారాల కిందట దాన్ని కొత్త కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ రోజు నుంచి అది ఉన్నట్టుండి మూతపడుతోంది. అది మూతపడితే పంపులు రెండూ ఆగిపోతాయి. పైపుల్లోకి నీళ్లెక్కి మళ్లీ అందుకోవడానికి పావుగంట పడుతుంది. చేత్తో నడుపుదామంటే పాత మీటల పెట్టె ఉప్పునీటికి తుప్పుపట్టి ఏడాదైంది.

ఆ బుధవారం నెలకంతటికీ పెద్ద పోటు. సరిగ్గా పొద్దుగుంకే వేళకు నీళ్లు నిండుగా వస్తాయని రేవులో ముందే చెప్పారు. అందుకే పంపుల సంఘం పెద్ద సుబేఖి గారు నగరం నుంచి నింగ్రుమ్ అనే అమ్మాయిని పిలిపించారు. పొద్దుటి నుంచి ఆమె విప్పని మర లేదు, మార్చని తీగ లేదు. మెమరీ ముక్కలు మార్చింది. ప్రోగ్రాంను చెరిపేసి, పాత కాపీ నుంచే మళ్లీ ఎక్కించింది. మధ్యాహ్నం పదకొండూ ముప్పై తొమ్మిదికి అది మళ్లీ ఆమె కళ్లముందే పోయింది.

రెండున్నరకు ఆమె టెంపే అనే సోయాగింజల వేపుడు ముక్కను పచ్చిమిరపకాయతో కొరుకుతూ మా రిజిస్టరు తిప్పుతోంది.

“ఇరవై రోజులు, పెద్దాయనా,” అంది నాతో. “రోజుకు మూడు డ్యూటీలు. ప్రతి గడిలోనూ ‘క్షేమం’ అని రాసి ఉంది. ఇంత క్షేమంగా ఉన్న చోటికి నన్నెందుకు పిలిచారు? టెంపే తినడానికా?”

నేను తల దించుకున్నాను. మా దగ్గర అంతే. పైవాళ్ల మనసు నొచ్చుకునే కబురును రాతలో పెట్టం. ప్రోగ్రాం మూతపడటం నేను మొదటి రోజే చూశాను. చప్పుడు చేయకుండా మళ్లీ తెరిచి ‘క్షేమం’ అని రాశాను. మిగతా ఇద్దరూ అదే చేశారు. ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోలేదు. నా చేతగానితనం వల్లే మూతపడుతోందేమోనని ముగ్గురికీ భయం. మంగళవారం నీళ్లు వీధిలోకి వచ్చాక గానీ సుబేఖి గారికి తెలియలేదు.

తెరమీద ఇంకా ఆ పెట్టె కనబడుతోంది. మీ కంప్యూటర్ రక్షణ కోసం ఈ ప్రోగ్రాంను మూసివేశాం, అని.

“రక్షణట!” అన్నారు సుబేఖి గారు లవంగాల సిగరెట్టు వెలిగిస్తూ. “ఇట్లా రక్షించే అల్లుడొక్కడుంటే చాలు, ఇల్లు కూలడానికి. ఆ రక్షణేదో పీకేయండి మేడమ్, గొడవ వదిలిపోతుంది.”

“పీకేయడం ఒక్క నిమిషం పని. ఎందుకు మూసేస్తోందో తెలియకుండా పీకేస్తే నా ఉద్యోగం పీకుతారు.” ఆమె చేతులు తుడుచుకుంది. “చూడండి. దీని మెమరీలో రెండు రకాల గదులుంటాయి. ఒకటి సరుకు గది. నీటి మట్టం ఎంత, పంపు వేడి ఎంత, ఇలాంటి లెక్కలు దాచుకోవడానికి. రెండోది పనివాళ్ల గది. ఏం చేయాలో చెప్పే ఆజ్ఞలు అక్కడుంటాయి. పాత కంప్యూటర్ ఈ తేడా పట్టించుకునేది కాదు. కొత్తది పట్టించుకుంటుంది. సరుకు గదిలోంచి ఎవడైనా లేచి పని మొదలుపెట్టాడా, వాడు దొంగే అనుకుంటుంది. వాడున్న ప్రోగ్రాం మొత్తాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది.”

“మరి మన దాంట్లో దొంగ ఉన్నాడా తల్లీ?” అన్నాను.

“ఎవడో ఉన్నాడు. దొంగో కాదో తెలియదు. వైరస్‌లు చేసేది సరిగ్గా ఈ పనే. అలాంటిదైతే, కాపలా తీసేశామంటే మీ పంపులు వాడి చేతికి అప్పగించినట్టే.”

గోడమీది కొలపట్టీలో నీటి మట్టం నూట పద్దెనిమిది సెంటీమీటర్ల దగ్గరుంది. నూట నలభై దగ్గర ఎర్రగీత. అది దాటితే నీళ్లు ఇళ్లలోకే. మా ఇల్లు మూడో వరుసలో ఉంది. నా భార్య రుమ్యాతి అప్పటికే బియ్యం డబ్బాలు అటక మీదికి ఎక్కించి ఉంటుంది. గది కిటికీకి ఎదురుగా ఉండేది సుబేఖి గారి ఇల్లు. అందులో ముందు గది మంచం మీద వాళ్లమ్మ. ఆమె నడవలేదు.

నింగ్రుమ్ ప్రోగ్రాం చనిపోయిన వేళల జాబితా చదవడం మొదలుపెట్టింది. “సోమవారం. పదకొండూ ముప్పై తొమ్మిది. మూడు గంటలు. ఐదూ ముప్పై ఒకటి...”

“ఆరూ నలభై ఐదు,” అన్నాను నాకు తెలియకుండానే. “తర్వాత తెల్లవారుజామున నాలుగూ ఇరవై ఏడు.”

ఆమె మెల్లగా నావైపు తిరిగింది. “జాబితా చూశారా?”

“లేదమ్మా. కళ్లజోడు ఇంట్లోనే ఉంది.”

“మరి ఎలా తెలుసు?”

“అవి నమాజు వేళలు. మా పేటలో రోజూ ఐదుసార్లు అజాన్ వినబడే వేళలు.”

సుబేఖి గారి వేళ్ల మధ్య సిగరెట్టు ఆగిపోయింది. “అస్తగ్‌ఫిరుల్లా,” అన్నారు. “దీనికి ఏదో పట్టింది. మసీదు పెద్దాయన్ని పిలిచి నీళ్లు చల్లిద్దాం.”

“కంప్యూటర్ మీద నీళ్లు చల్లితే నేను ఇప్పుడే బస్సెక్కుతాను,” అందామె. కానీ ఆ మాటలో నవ్వు లేదు. జాబితాను పైనుంచి కిందికి మళ్లీ చూసింది. “ఇరవై రోజుల కిందట మధ్యాహ్నంది పదకొండూ ముప్పై ఏడు. వారానికో నిమిషం జరుగుతోంది. దెయ్యానికి పంచాంగం అక్కర్లేదండీ. ఇది ఎవరో లెక్కకట్టి పెట్టిన పని. మనందరం నమాజుకు లేచే వేళ తెలిసినవాడు పెట్టాడు.”

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నీళ్లకూ జిన్నులకూ కాదు. కాపలాదారు లేని వేళ కోసం కాచుకున్న మనిషి ఎవరా అని.

మూడు కావస్తోంది. ముగ్గురం తెరముందు నిలబడ్డాం. “ఈసారి అది చచ్చే క్షణంలో కడుపులో ఏముందో రాసిపెట్టమని చెప్పాను,” అంది నింగ్రుమ్. మసీదు మైకు గరగరలాడింది. అజాన్ మొదటి మాట అందుకోగానే తెర ఒక్కసారి రెపరెపలాడి ఆ పెట్టె వచ్చి కూర్చుంది. కాళ్లకింద నేల అదరడం ఆగిపోయింది. పంపుల చప్పుడు పోయాక కట్ట అవతల సముద్రం చప్పుడు వినబడింది. అంత దగ్గరగా ఉంటుందని రోజూ మరచిపోతాం.

ప్రోగ్రాం మళ్లీ తెరిచాను. ఆ గదిలోనే ఓ మూల అసర్ నమాజు చేసుకున్నాను. పావుగంటకు పంపులు అందుకున్నాయి. మట్టం నూట ఇరవై ఆరు.

“పెద్దాయనా, ఇలా రండి.” అని నింగ్రుమ్ పిలిచింది. తెరనిండా అర్థంలేని అంకెలు, గీతలు. వాటి మధ్యలో ఒకచోట ఆమె వేలు పెట్టింది. “సరుకు గదిలోంచి లేచినవాడు వీడే. ఇది వాడి నుదుటిమీద రాసి ఉంది.”

కళ్లు చికిలించి చదివాను. తర్మూజి. దాని పక్కన ఇరవై అనే అంకె.

తర్మూజి నా పేరు.

“అన్నా,” అన్నారు సుబేఖి గారు చాలా నెమ్మదిగా. “ఏం చేశావ్?”

“నాకు తెలియదండీ. ఒట్టు. నాకు దీన్ని తెరవడం, మూయడం తప్ప ఏమీ రాదు.”

“నీ పేరు దానంతటదే వెళ్లి కూర్చుందా? ఎవరితో చేతులు కలిపావో చెప్పు. కింద చేపల చెరువుల వాళ్లా? పేట మునిగితే నేల చవగ్గా వస్తుందని చూసేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు.”

“ఆయనకు నిజంగా తెలియదేమో,” అంది నింగ్రుమ్. “కానీ పెద్దాయనా, రెండున్నర గంటల్లో ఇది మళ్లీ లేస్తుంది. ఇప్పుడు నూట ఇరవై ఆరు. పోటు నిండుగా ఉన్నప్పుడు పావుగంట పంపులు ఆగితే ఎర్రగీత దాటుతుంది. ఇది దొంగది కాదని తెలిస్తే, ఈ ఒక్క ప్రోగ్రాంను చంపవద్దని కాపలాకు చెప్పగలను. తెలియకపోతే చెప్పలేను. ఎవరు పెట్టారు? మీ పేరుతో, ఇరవై అని, నమాజు వేళకు?”

ఇరవై. నమాజుకు వెళ్లి రావడానికి నాకు పట్టేది ఇరవై నిమిషాలు.

కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎవరు పెట్టారో అప్పుడు తెలిసింది. తెలిసింది గనుక అంతా చెప్పక తప్పదనీ తెలిసింది.

“మస్రుఖాన్ మాస్టారు,” అన్నాను.

మస్రుఖాన్ మాస్టారు ఊరవతల వృత్తి పాఠశాలలో కరెంటు పాఠాలు చెప్పేవారు. ఈ ప్రోగ్రాంను ఇక్కడ ఎక్కించింది ఆయనే. దమ్మిడీ తీసుకోకుండా దాన్ని కనిపెట్టుకుని ఉన్నదీ ఆయనే. రెండేళ్ల కిందట పోయారు.

“చనిపోయినవాడి మీద పెడతావా?” అన్నారు సుబేఖి గారు.

“పెద్ద పోటు వచ్చిన ఆ సంవత్సరం, పొద్దుగూకే వేళ, కరెంటు పోయి పంపు ఆగిందని రిజిస్టరులో రాశాను. గుర్తుందా అండీ?”

“మరచిపోతానా?”

“కరెంటు పోలేదు.”

నేను ఆయన ముఖం చూడలేక కొలపట్టీని చూస్తూ చెప్పాను. “పంపు నడుస్తూనే ఉంది. మగ్రిబ్ అజాన్ వినబడింది. ఇరవై నిమిషాలే కదా అని మసీదుకు వెళ్లాను. మూడు రకాతుల్లో రెండోదాంట్లో ఉండగా కేకలు. నమాజు తెంచుకుని పరుగెత్తాను. వచ్చేసరికి పంపు ఆగి ఉంది. వేడెక్కి ఆగిందనుకుంటాను. నేను ఉండి ఉంటే రెండోదానికి మార్చేవాణ్ణి. నలభై ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మీ అమ్మగారు...”

“ఆపు.”

“జారిపడ్డారు. తుంటి విరిగింది.”

“ఆపమన్నాను తర్మూజీ.” ఇరవై ఏళ్లలో ఆయన నోట ‘అన్నా’ అని లేకుండా నా పేరు వినడం అదే మొదటిసారి. “పదకొండేళ్లు. మా అమ్మకు రంజాన్‌కు ఖర్జూరాలు తెచ్చిపెట్టావు. మంచం పక్కన కూర్చుని ఖురాన్ చదివావు. ఒక్కసారీ నోరు పెగల్లేదా?”

పెగల్లేదు.

నింగ్రుమ్ మా ఇద్దరి మధ్యకు కుర్చీ జరుపుకుంది. “తిట్లు తర్వాత. పెద్దాయనా, మాస్టారి సంగతి.”

“ఆ రాత్రి నీళ్లు తీశాక ఈ మెట్టుమీదే కూర్చున్నారు. ఆయనకు నిజం తెలుసు. నన్నేమీ అనలేదు. ‘ఇక నుంచి నువ్వు నమాజుకు వెళ్లినప్పుడు పంపులు నేను చూసుకుంటాలే తర్మూజీ’ అన్నారు. ఓదార్పు మాట అనుకున్నాను. ఆయన ఇల్లు ఊరవతల. నమాజు వేళకు ఎన్నడూ ఇక్కడికి రాలేదు.”

ఆమె తెరవైపు తిరిగింది. అరగంట సేపు ఆ గీతల్లో ఒక్కో వరుసా వేలితో చూపించుకుంటూ చదివింది. నేను తస్బీహ్ పూసలు తిప్పుతూ కూర్చున్నాను. సుబేఖి గారు వాకిట్లో ఇటూ అటూ నడిచారు. మట్టం నూట ఇరవై ఎనిమిదికి వచ్చింది.

“నీటి మట్టం చూస్తుంది,” అంది చివరకు. “పంపు వేడెక్కితే రెండోదానికి మారుస్తుంది. ఇరవై నిమిషాలు అలా చూసి, పక్కకు తప్పుకుంటుంది. ఇంకేమీ చేయదు. మనిషి నొక్కాల్సిన మీట తనే నొక్కుతుంది, అంతే.” ఆమె కళ్లు నలుపుకుంది. “కొన్న ప్రోగ్రాం ఇది. తాళం వేసి అమ్మారు. మాస్టారు లోపల మార్చలేకపోయారు. అందుకని సరుకు గదిలో ఖాళీ చోటు చూసి తన మనిషిని దాచిపెట్టారు. పాత కంప్యూటర్‌కు అభ్యంతరం లేదు. కొత్త కంప్యూటర్ కళ్లకు మాత్రం వాడు దొంగలాగే కనబడతాడు. దాని తప్పు లేదు. అలా దూరినవాడు నూటికి తొంభై తొమ్మిది సార్లు దొంగే.”

తొమ్మిదేళ్లు మాస్టారు బతికుండగా, తర్వాత ఆయన పోయాక కూడా, నేను నమాజులో ఉన్నప్పుడు నా బదులు మీట నొక్కిన చెయ్యి అది. నా డ్యూటీ అయినా కాకపోయినా, రోజుకు ఐదుసార్లు. నాకు తెలియలేదు. కొత్త కంప్యూటర్లోని ఏ కాపలాదారు చేతిలో అయితే అది రోజుకు ఐదుసార్లు చస్తోందో, అతనూ తన పని సరిగ్గానే చేస్తున్నాడు. ఇద్దరు మంచివాళ్లు ఒకర్నొకరు గుర్తుపట్టకపోతే మధ్యలో మునిగేది పేట. అల్లా ఇలాంటివి ఎందుకు జరగనిస్తాడో నాకు తెలియదు.

“ఏం చేద్దాం అండీ?” అని నింగ్రుమ్ గుమ్మం వైపు తిరిగి అడిగింది. “ఈ ఒక్క ప్రోగ్రాంకు మినహాయింపు రాస్తాను. బయటికి పోయే నెట్ తీగ ముందే పీకేస్తాను. కానీ అది అమలు కావాలంటే కంప్యూటర్ ఒకసారి ఆపి తెరవాలి. పంపులు పావుగంట ఆగుతాయి. ఇప్పుడే చేయాలి. తర్వాత చేయలేం.”

సుబేఖి గారు నావైపు చూడకుండా అన్నారు. “చెయ్యండి.”

నాలుగూ యాభైకి పంపులు ఆగాయి. నూట ముప్పై ఒకటి. తెర నల్లబడింది. నూట ముప్పై నాలుగు. వీధిలో ఎవరో ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టడం మొదలుపెట్టారు. నీళ్లు వస్తున్నాయని చెప్పే పద్ధతి అది. మా వరుసలోంచి పిల్లల ఏడుపులు. నూట ముప్పై ఏడు. తుప్పుపట్టిన పాత మీటల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను, అవి పనిచేయవని తెలిసి కూడా. నూట ముప్పై ఎనిమిది దగ్గర కాళ్లకింద నేల మళ్లీ అదిరింది. ఎవరి చెయ్యో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సుబేఖి గారిది. గుర్తురాగానే వదిలేశారు.

మట్టం అక్కడే నిలబడింది. దిగలేదు, ఎక్కలేదు.

ఐదూ ముప్పై ఒకటి. పోటు నిండుగా ఉంది. మైకు గరగరలాడింది. అజాన్ మొదలైంది. తెర ఒక్కసారి రెపరెపలాడింది. నేను కళ్లు మూసుకున్నాను.

నేల అదురుతూనే ఉంది.

కళ్లు తెరిచేసరికి ఆ పెట్టె రాలేదు. మొదటి పంపు వేడి ముల్లు ఎర్రలోకి వెళ్లింది. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. రెండో పంపు దానంతటదే అందుకుంది. నూట ముప్పై ఏడు. నింగ్రుమ్ కుర్చీలో వెనక్కి వాలి పైట చెంగు లాంటి తన తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుంది.

“వెళ్లండి పెద్దాయనా. మీ మాస్టారు ఇరవై నిమిషాలే ఇచ్చారు.”

కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని మసీదులోకి వెళ్లాను. ఆ రోజు మగ్రిబ్ అందరితో కలిసి చేశాను. అందరూ ఇళ్లు చూసుకోవడానికి పరుగెత్తారు. నేను లేవలేదు. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు ఆగింది. సుబేఖి గారు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది.

“అమ్మకు చెప్పాను, అంతా,” అన్నారు. “నిన్ను ఇప్పుడే రమ్మంటోంది. ఆ సాయంత్రం పంపు వేడెక్కి ఆగలేదట. నువ్వు మసీదుకు వెళ్లాక ఒక మనిషి లోపలికి వెళ్లాడట. తను కిటికీలోంచి చూసిందట. ఇన్నేళ్లూ ఆ మాట తనూ ఎవరికీ చెప్పలేదట.”

ఎవరు అని అడగబోయి ఆగాను. అతనెవరైనా, పంపును వదిలి వెళ్లింది నేనే.

“మూడు రకాతులు ఆగండి,” అన్నాను. “ఆ రోజు తెంచుకుని వచ్చింది బాకీ ఉంది.”

ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. వెళ్లనూ లేదు.

లేచి నిలబడి, పదకొండేళ్ల నాటి మగ్రిబ్ అని మనసులో అనుకుని చేతులెత్తాను. రెండో రకాతులో వీధిలోంచి కేక వినబడింది. ఎవరిదో, ఎందుకో తెలియలేదు. నేల మాత్రం నుదుటి కింద అదురుతూనే ఉంది. ఈసారి నేను కదల్లేదు. మూడోది ముగించాను. కుడివైపు తిరిగి సలాం చెప్పాను. ఎడమవైపు తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు, రెండో సలాం చెప్పాను. బాకీ తీరింది.